గ్యాస్ అయిపోయిందనుకున్న గెలాక్సీ

హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో పోయేవాళ్లలో చాలామంది మా డిష్‌ను చూసే ఉంటారు. చూసి, అది టీవీ కంపెనీదనో మిలిటరీదనో అనుకొని ఉంటారు. ఒకాయన అయితే మా గేటు ముందు బండి ఆపి, ఇంట్లో సీరియల్ సరిగా రావడం లేదని నాతో గొడవ పెట్టుకున్నాడు. ఇది ఆ డిష్ కాదప్పా అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి కంప్లైంటు రాసుకున్నట్టు నటించి పంపించాను.

అది రేడియో టెలిస్కోపు. రిటైరయ్యే దాకా దానికి ఇన్‌ఛార్జి ఇంజనీరును నేనే. టెలిస్కోపు అనగానే మీకు చలి రాత్రులు, గొట్టంలో కన్ను పెట్టి చూసే గడ్డపు పెద్దమనిషి గుర్తొస్తారు. మాకు అవేమీ లేవు. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలకు ఎండ ఉన్నా ఒకటే, వెన్నెల ఉన్నా ఒకటే. పొద్దున ఇడ్లీ తిని, బస్సెక్కి డ్యూటీకి పోయి, గెలాక్సీలు చూసి, సాయంత్రానికి ఇంటికి వచ్చి కూరగాయలు తెచ్చిన ఉద్యోగం నాది. నా భార్య నా పనిని ఒక పనిగా లెక్కపెట్టకపోవడానికి ఇదే కారణం అనుకుంటాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతారు, మీరు ఏం కనిపెట్టారు సార్ అని. నేనేమీ కనిపెట్టలేదు. కనిపెట్టేవాళ్లకు డిష్ తిప్పి ఇచ్చాను. నా సర్వీసులో గట్టిగా గుర్తున్నది ఒక పొరపాటు. అది మా వాళ్లు తప్ప ప్రపంచంలో ఎవరూ చేసి ఉండరని నా నమ్మకం. దాని వల్ల ఒకామె చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది.

ఆమె కృష్ణగిరిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. మా స్టేషన్లో అందరూ లెక్చరరమ్మ అనేవాళ్లం. గురుబరపల్లి దగ్గర పల్లె వాళ్లది, గొర్రెలు మేపిన కుటుంబం. తమ్ముళ్లిద్దరూ హోసూరు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనిలో ఉండేవాళ్లు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది ఆమె ఒక్కతే. పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి చేరింది. క్లాసులు, పేపర్లు దిద్దడం, ఇంటి పని అన్నీ అయ్యాక మిగిలిన సమయమే చదువుకు. అందుకే పని సాగింది, సాగుతూనే ఉంది. యూనివర్సిటీ వాళ్లు ఒకసారి గడువు పెంచారు. ఇంక పెంచేది లేదని ముందే చెప్పేశారు. ఆ ఏడాది చివరిలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అంతవరకు చేసిందంతా గాలికి పోతుంది, దాంతోపాటు రావలసిన ప్రమోషన్ కూడా.

ఆమె చేస్తున్న పని ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. నక్షత్రాలు పుట్టేది గ్యాస్ నుంచి, అందులో ముప్పాతిక హైడ్రోజన్. నక్షత్రం ఆ హైడ్రోజన్‌ను కడుపులో ఉడికించి ఆక్సిజన్, కార్బన్, ఇనుము వంటివి తయారు చేస్తుంది. పెద్ద నక్షత్రాలు చచ్చేటప్పుడు వాటిని మళ్లీ చుట్టూ ఉన్న గ్యాస్‌లోకి చిమ్ముతాయి. అంటే గెలాక్సీ వయసు పెరిగేకొద్దీ దాని గ్యాస్‌లో ఈ సరుకు చేరుతూ ఉంటుంది. హైడ్రోజన్, హీలియం తప్ప మిగతా అన్నిటినీ ఖగోళ శాస్త్రజ్ఞులు లోహాలు అంటారు, ఆక్సిజన్‌తో సహా. ఈ సంగతి విన్నప్పుడు మా మెకానిక్ చాలాసేపు నవ్వాడు.

"ఆక్సిజన్ లోహమా సార్? అట్లయితే నేను ఇన్నేండ్లు లోహంతోనే లోహాన్ని వెల్డింగ్ చేసినానా?"

ఉన్న గ్యాస్‌తోనే ఏ గెలాక్సీ కూడా చాలాకాలం నెట్టుకురాలేదు. బయటి నుంచి కొత్త గ్యాస్ వచ్చి చేరుతూ ఉండాలి. అట్లా రాకపోయి ఉంటే మన గెలాక్సీలో కూడా నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయేది. బయటి నుంచి వచ్చేది దాదాపు ఒట్టి హైడ్రోజన్, అందులో లోహాలు చాలా తక్కువ. అది కలిస్తే గెలాక్సీలో ఆక్సిజన్ వంతు పలచబడుతుంది. కొత్త గ్యాస్ రావడం ఆగిపోతే, మిగిలిన గ్యాస్‌తోనే నక్షత్రాలు పుడుతూ చస్తూ ఉంటాయి కాబట్టి ఆక్సిజన్ వంతు పెరుగుతుంది. లెక్చరరమ్మ ఒకే పాటి బరువున్న కొన్ని గెలాక్సీలను తీసుకొని, వాటిలో గ్యాస్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని పోల్చి చూస్తోంది. ఆక్సిజన్ లెక్క వేరేవాళ్లు మామూలు టెలిస్కోపుతో వెలుగును చూసి కొలిచింది. హైడ్రోజన్ పంపే రేడియో అలలను బట్టి గ్యాస్ కొలవడం మా డిష్ పని.

ఇక మా మెకానిక్. ఆయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో టర్నర్‌గా చేసి, అది మూతపడితే మా దగ్గరికి కాంట్రాక్టు మీద వచ్చాడు. డిష్‌ను ఆయన 'మా యమ్మ' అనేవాడు. గేర్లలో చిన్న శబ్దం వచ్చినా భోజనం వదిలేసి పరుగెత్తేవాడు. హోసూరులో మిషన్ ముట్టినవాడు ఎవడైనా ఆయుధపూజ ఎట్లా చేస్తాడో మీకు వేరే చెప్పక్కరలేదు. ఆ రోజు లేత్‌కు విభూతి పట్టెలు, లారీకి అరటి పిలకలు, కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు. మా దగ్గర డిష్‌కు. నేను నాస్తికుణ్ణి కాదు, పెద్ద భక్తుణ్ణి కూడా కాదు. బొరుగులు, బెల్లం, పుట్నాలు కలిపి పొట్లం చేతిలో పెడితే ఎవరు కాదంటారు?

ఆ ఏడాది మెకానిక్‌కు ఉత్సాహం ఎక్కువైంది. ప్రతి ఏడూ డిష్ కాళ్లకు మాత్రమే కట్టే తోరణాలను ఈసారి హార్న్‌కు కూడా కట్టాడు. హార్న్ అంటే డిష్ మధ్యలో పైన నిలబెట్టిన కొమ్ము వంటిది. డిష్ మీద పడిన అలలన్నీ దాని మూతిలోకే పోవాలి. మనిషికి చెవి ఎట్లాంటిదో డిష్‌కు అది అట్లాంటిది. దుమ్ము, కందిరీగలు పోకుండా మూతికి పలచని ప్లాస్టిక్ మూత ఉంటుంది. పూజకు ముందు ఆయన మూత విప్పి శుభ్రంగా తుడిచి, చుట్టూ జిగినా కట్టాడు. జిగినా అంటే వెండి రంగు లోహపు పూత పూసిన తళుకు పట్టీలు, పెళ్లి పందిళ్లలో చూస్తుంటారు. ఎండలో అది తళతళ మెరిసింది. రోడ్డు మీద బస్సులు కూడా నిదానం చేశాయని ఆయన చాలా రోజులు చెప్పుకున్నాడు. బూడిద గుమ్మడికాయ కొట్టాం, అందరం ఫోటో దిగాం, మరుసటి రోజు అలంకారమంతా విప్పేసి, మూత బిగించి డ్యూటీలో పడ్డాం.

లెక్చరరమ్మ గెలాక్సీలన్నీ పండగకు ముందే చూసేశాం, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ పండగ తర్వాత చూశాం. దాంట్లో గ్యాస్ తోటి గెలాక్సీల్లో ఉన్నదాంట్లో సగం కూడా లేదు.

ఆమె గైడు, బెంగుళూరులో ప్రొఫెసరు, సంబరపడిపోయాడు. గ్యాస్ రాక తెగిపోయి పస్తులున్న గెలాక్సీ దొరికింది, థీసిస్‌కు చక్కటి ముగింపు దొరికింది అన్నాడు. దానికి పేరు కూడా పెట్టేశాడు, 'ఆకలి గెలాక్సీ' అని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేపర్ ఎక్కడికి పంపాలో కూడా మాట్లాడటం మొదలుపెట్టాడు. మంచివాడే. శిష్యురాలు గడువు లోపల ఒడ్డెక్కితే చాలని ఆయన తాపత్రయం.

సంతోషం లేనిది ఆమెకే. ఒక రోజు కాలేజీ వదిలాక సరాసరి స్టేషన్‌కు వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సార్, దీన్ని ఇంకొకసారి చూడల్ల."

"ఎందుకమ్మా? బాగానే వచ్చింది కదా."

"ఆక్సిజన్ సరిపోవడం లేదు సార్. గ్యాస్ రాక నిలిచిపోయింటే ఆక్సిజన్ ఎక్కువ ఉండాల కదా. దీంట్లో మిగతావాటి కన్నా తక్కువ ఉండాది. పోనీ ఎవురో గ్యాస్ ఊడ్చుకొని పోయినారు అనుకున్నా, ఆక్సిజన్ ముందు ఎంత ఉండిందో అంతే ఉండాల. తగ్గేదానికి దారే లేదు. కొత్త గ్యాస్ కలిస్తేనే తగ్గుతాది."

"మీ గైడు ఏమంటాడు?"

"ఆక్సిజన్ లెక్క మనది కాదు, వాళ్లు తప్పు కొలిచింటారు, ఆ సెక్షన్ తీసేసి ఇచ్చేయ్ అంటా ఉండాడు."

"అట్లే చెయ్యి మరి. గడువు దగ్గరికి వచ్చేసింది కదా."

ఆమె తన ఊరి బోరు సంగతి ఎత్తుకుంది. "మా ఊర్లో బోరు నీళ్లకు పిల్లోళ్ల పండ్లు గారపట్టి పోతాయి సార్. కాలవ రాని సంవత్సరం ఆ నీళ్లు నోట్లో పెట్టలేము. కాలవలో నీళ్లు వదిలిన సంవత్సరం అదే బోరు, అదే మోటరు, నీళ్లు మాత్రం తియ్యగా అయిపోతాయి. బోర్లోకి తొంగి చూసి నీళ్లు ఎంత ఉండాయని ఎవురు చెప్తారు? నోట్లో పోసుకుంటే తెలిసిపోతాది, కొత్త నీళ్లు వచ్చి కలస్తా ఉండాయని. ఈ గెలాక్సీ నీళ్లు తియ్యగా ఉండాయి సార్. మీ డిష్ మాత్రం బోరు ఎండిపోయింది అంటా ఉండాది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నాకు వెంటనే కోపం వచ్చింది. నా డిష్‌ను అంటే నన్ను అన్నట్టే. ప్రతి పొద్దునా దానికి పరీక్ష పెడతాం. లోపల ఒక చిన్న సిగ్నల్ మిషన్ ఉంటుంది, తెలిసినంత సిగ్నల్ ఇస్తుంది, డిష్ అంత చూపిస్తే సరి. ఏ రోజూ తేడా రాలేదు. ఆ మాటే కొంచెం గట్టిగా చెప్పాను.

"ఆ సిగ్నల్ మిషన్ యాడ ఉండాది సార్?"

"హార్న్ లోపల."

"హార్న్ మూతి కాడ ఏమన్నా అడ్డం ఉంటే దానికి ఎట్లా తెలుస్తాది?"

తెలియదు, నిజమే. ఆకాశంలో తెలిసిన ఒక బలమైన రేడియో మూలాన్ని చూసి పరీక్షించే పద్ధతి కూడా ఉంది. అది సీజన్ మొదట్లో ఒకసారే చేసేవాళ్లం. అది పండగకు ముందే అయిపోయింది.

అయినా నేను హార్న్ వైపు చూడలేదు. మా వృత్తిలో ఒక జబ్బు ఉంది. తేడా వస్తే బయటివాణ్ణి పట్టుకుంటాం. లారీల వైర్‌లెస్, రైతుల మోటర్ల స్టార్టర్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కంట్రోల్ బోర్డులు, ఇవన్నీ రేడియో కూతలు పెడుతూనే ఉంటాయి కాబట్టి ఆ జబ్బుకు మందు కూడా లేదు. మెకానిక్‌నూ ఇంకొకర్నీ వెంటబెట్టుకొని, చేతిలో చిన్న యాంటెన్నా పట్టుకొని, చుట్టుపక్కల పొలాలన్నీ తిరిగాను. రోడ్డుకు ఆవల రోజాపూల గ్రీన్‌హౌస్ ఒకటి ఉంది. నీళ్లు వదలడానికి కొత్తగా ఏదో ఆటోమేటిక్ బోర్డు పెట్టారు. దొంగ దొరికాడని అక్కడి మేనేజరు మీదికి పోయాను.

ఆయన మొదట తమిళంలో విసుక్కుని, తర్వాత తెలుగులో అడిగాడు. "మా రోజాపూలు మీ నక్షత్రాలను ఏమి చేసినాయి సార్? సుమ్నే, ఊరికే వచ్చి తిడతా ఉండారు."

బోర్డు ఆపించాను. ఒక పూట పూలకు నీళ్లు లేవు. డిష్‌లో తేడా ఏమీ రాలేదు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అనే సామెత మన పెద్దవాళ్లు మాలాంటి ఇంజనీర్ల కోసమే కట్టి ఉంటారు. తిరిగొస్తుంటే మెకానిక్ నా పక్కనే నడుస్తూ, ఆ మేనేజరు రెండు పూలైనా ఇచ్చి పంపలేదు చూడండి సార్ అని బాధపడ్డాడు. పాపం, ఆయనకు కూడా ఏమీ తోచలేదు.

శనివారం లెక్చరరమ్మ మళ్లీ వచ్చింది. ఆ రోజు ఆమె గెలాక్సీ మధ్యాహ్నం ముందే నెత్తిమీదికి వస్తుంది. హార్న్ విప్పి చూడకుండా నేను ఇక్కడి నుంచి కదలను అని కుర్చీ లాక్కొని కూర్చుంది. ఆమె మొండితనం ముందు నా కోపం పనిచేయలేదు. డిష్‌ను వంచి, క్రేన్ బుట్టలో మెకానిక్‌ను పైకి పంపించాను. మేం కింద నిలబడి తలలెత్తి చూస్తున్నాం. ఆయన స్క్రూలన్నీ విప్పి మూత పక్కకు పెట్టాడు. తర్వాత చెయ్యి ఆగిపోయింది.

"ఏమప్పా, ఏముండాది? కందిరీగల గూడు ఏమన్నా ఉండాదా?"

ఆయన మూత మళ్లీ బిగించకుండానే దించమని చేత్తో సైగ చేశాడు. కిందికి వచ్చాక పిడికిలి తెరిచాడు. చేతిలో జిగినా పట్టీలు, ఒకదానితో ఒకటి చిక్కుపడి, కుంకుమ అంటుకొని ఉన్నాయి. తోరణం లాగేటప్పుడు కొన్ని తెగి మూతి లోపలికి జారాయి. ఆయన చూసుకోకుండా వాటి మీదే మూత బిగించేశాడు. లోహపు పూత ఉన్న వస్తువు అలలను లోపలికి పోనీయదు, వెనక్కి తోసేస్తుంది. మా డిష్ పండగ నుంచి సగం చెవుడుతో పనిచేస్తోంది.

"అన్నీ తీసేసినాను అనుకొన్నాను సార్" అన్నాడు. నాకు ఆయనను తిట్టాలనిపించలేదు. పండగ ఫోటోలో ఆ తోరణం కింద నిలబడి నవ్వుతున్నవాళ్లలో నేను కూడా ఉన్నాను.

హార్న్ తుడిచి, మూత బిగించి, డిష్‌ను గెలాక్సీ వైపు తిప్పాం. హైడ్రోజన్ సిగ్నల్ ఒక్కసారిగా కనిపించేది కాదు, పేరుకుంటూ పేరుకుంటూ స్క్రీన్ మీద చిన్న దిబ్బలా లేస్తుంది. మధ్యాహ్నం భోజనం ఎవరూ ముట్టలేదు. దిబ్బ లేచింది, పాతదాన్ని దాటింది, ఇంకా లేస్తూనే పోయింది. గ్యాస్ తక్కువ లేదు సరికదా, తోటి గెలాక్సీల కంటే ఎక్కువే ఉంది. ఆక్సిజన్ చెప్పింది నిజం. దానికి బయటి నుంచి కొత్త గ్యాస్ అందుతోంది.

"బతికే ఉండాది సార్" అంది లెక్చరరమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషం ఆమె ఇంటికి పోయే బస్సెక్కే దాకా మాత్రమే ఉంది. ఆమె థీసిస్ ముగింపంతా ఆకలి గెలాక్సీ మీదే నిలబడింది. చివరి అధ్యాయాలు రెండూ మళ్లీ రాయాలి. ఒక్క పూట చూసింది చాలదు, ఆ గెలాక్సీని మళ్లీ మళ్లీ చూడాలి, పండగకు ముందు చూసినవాటిని కూడా సరిచూడాలి. గడువు నాటికి అది ఎట్లా చూసినా అయ్యే పని కాదు. యూనివర్సిటీకి అర్జీ పెట్టుకుంది, కుదరదన్నారు.

గైడు నాకు ఫోన్ చేశాడు. తప్పు మీ డిష్‌ది, మీరైనా ఆమెకు చెప్పండి, రాసింది రాసినట్టు ఇచ్చేయమనండి, పట్టా వచ్చాక పేపర్లో సరిచేసుకుందాం అన్నాడు. నాకూ అది సబబే అనిపించింది. అందరూ బాగుపడే మార్గం కనిపిస్తుంటే ఎవరు వద్దంటారు? ఆమెకు అదే చెప్పాను.

"తప్పని తెలిసినాక నా పేరు పెట్టి ఎట్లా ఇచ్చేది సార్? పట్టా ఇస్తారు, గోడకు తగిలించుకుంటాను. పొద్దున లేస్తే ఆ గోడనే కదా చూడల్ల."

ఆమె ఒక్క కోరిక మాత్రం కోరింది. హార్న్‌లో ఏదో వస్తువు అడ్డం పడిందని రాయండి, ఎవరు పెట్టారని మాత్రం రాయొద్దు, కాంట్రాక్టు మనిషి, పని పోతుంది అంది. నేను అట్లానే పై ఆఫీసుకు రాశాను. పండగ తర్వాత మా డిష్ వాడుకున్న మిగతావాళ్లకు కూడా తెలియజేసి, మళ్లీ చూసుకోమని సమయం ఇచ్చాం. వాళ్లు తిట్టిన తిట్లు నాకే వచ్చాయి, పడ్డాను.

గడువు దాటింది, రిజిస్ట్రేషన్ రద్దయింది. ప్రమోషన్ ఆమె కంటే చిన్నవాడికి పోయింది. అతను ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఇట్లాంటి చోట నిజాయితీకి ఎప్పటికైనా ఫలితం ఉంటుందని రాస్తారు. ఆ రోజుల్లో ఆమె ముఖం చూసినవాణ్ణి, నేను అట్లా రాయలేను. మెకానిక్ అయితే ఆమె స్టేషన్‌కు వచ్చిందంటే పంపు షెడ్డులోకి పోయి, ఆమె బస్సెక్కే దాకా బయటికి వచ్చేవాడు కాదు. ఆమె పిలిచినా పని ఉందనేవాడు.

ఆమె మళ్లీ కొత్తగా రిజిస్టర్ చేసుకుంది. ఫీజు మళ్లీ, పరీక్షలు మళ్లీ, తనకంటే సగం వయసు పిల్లల మధ్య కూర్చొని. ఈసారి ఆ గెలాక్సీయే థీసిస్‌కు వెన్నెముక. ఈలోగా నేను రిటైరయ్యాను. మెకానిక్ కూడా పని మానేసి హోసూరులో చిన్న లేత్ షాపు పెట్టుకున్నాడు. వైవా ఉంది రమ్మని ఆమె మా ఇద్దరికీ ఫోన్ చేసింది. ఆయన రానన్నాడు. నేను షాపుకు పోయి, షట్టర్ దించి, ఆయనను బస్సెక్కించాను.

పరీక్షించడానికి దూరం నుంచి వచ్చిన ప్రొఫెసరు తెలుగాయనే, కానీ అడిగేదంతా ఇంగ్లీషులో. మేం వెనక వరుసలో కూర్చున్నాం. ఆమె తడబడకుండా చెబుతోంది. ఒకచోట ఆయన కాగితాలు తిప్పి ఆగాడు. మొదటిసారి చూసినప్పుడు గ్యాస్ సగమే వచ్చింది, హార్న్‌కు ఏదో అడ్డం అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, ఏమిటా అడ్డం అన్నాడు. ఒక వస్తువు పడింది, తీసేశాం అంది ఆమె. ఏ వస్తువు, ఎట్లా వచ్చింది అన్నాడు. ఆమె నేల చూసింది. ఆయన కాగితాలు కింద పెట్టాడు. ఏం అడ్డం పడిందో చెప్పలేకపోతే, రెండో కొలతలో కూడా ఏదీ అడ్డం లేదని నేనెట్లా నమ్మాలి, మీ థీసిస్ అంతా ఈ కొలత మీదే నిలబడి ఉంది కదా అన్నాడు.

"ఏమడగతా ఉండాడు సార్?" అని మెకానిక్ నా చెవి దగ్గర అడిగాడు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని మరుక్షణమే అనిపించింది, ఎందుకంటే ఆయన లేచి నిలబడ్డాడు.

"సార్, అది నేను కట్టినాను."

అందరూ వెనక్కి తిరిగారు. ప్రొఫెసరు కళ్లజోడు తీసి, మీరెవరండీ అని తెలుగులో అడిగాడు.

"ఆ డిష్‌కు మెకానిక్‌ను సార్. ఆయుధపూజకు హార్న్ చుట్టూ జిగినా కట్టినాను. విప్పేటప్పుడు కొంచెం తెగి లోపల ఉండిపోయింది. ఆయమ్మకు తెలుసు. నా పని పోతాదని ఇన్నేండ్లు ఎవురికీ చెప్పలేదు. ఇప్పుడు నాకు ఆ పని లేదు, పోయేది ఏమీ లేదు. అందుకని చెప్తా ఉండాను."

ఎవరో నవ్వారు. ప్రొఫెసరు నవ్వలేదు.

"ఎంత పొడవుంటుంది ఆ జిగినా?"

మెకానిక్ కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలూ చిటికెనవేలూ బారుగా చాపి చూపించాడు. జానెడు. హైడ్రోజన్ నుంచి మా డిష్‌కు వచ్చే అల పొడవు దాదాపు అంతే ఉంటుంది. అంత పొడవున్న లోహపు పట్టీ మూతిలో ఉంటే ఆ అలను ఎంత అడ్డుకుంటుందో ఆ హాల్లో ఫిజిక్స్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రొఫెసరు ఆ చేతి వైపు చాలాసేపు చూశాడు.

"తీసింది ఎవరు?"

"అదీ నేనే సార్. ఆయమ్మ తియ్యి అనింది, తీసినాను. మళ్లీ తుడిచి నేనే బిగించినాను. ఈసారి లోపల ఏమీ లేదు. నా ముగ్గురు బిడ్డల మీద ఒట్టు."

ప్రొఫెసరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత నాకు ఇంక ప్రశ్నలు లేవు అని ఇంగ్లీషులో అన్నాడు. పక్కనున్నవాళ్లతో ఒక్క నిమిషం మాట్లాడి, డాక్టరేటు ఇవ్వవచ్చని సిఫారసు చేస్తున్నానని ప్రకటించాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. మెకానిక్ ఇంకా నిలబడే ఉన్నాడు. జరిగింది ఇంగ్లీషులో కాబట్టి చప్పట్లు ఎందుకో ఆయనకు తెలియలేదు.

"పాసయినట్టేనా అమ్మా?" అని అక్కడి నుంచే అడిగాడు.

లెక్చరరమ్మ మైకు ముందు నిలబడి ఉంది. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటోంది.

"పాసయినాము అన్నా" అంది. "ఇంక కూర్చో."